మ్యాంగో పల్ప్ ఫ్యాక్టరీలో మొదటి కంప్యూటర్ ఎక్కడ పెట్టాలి?

ఈరోజు మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గురించి మాట్లాడుకుందాం. గుజ్జు ఎట్లా తీస్తారో కాదు, వాటి లెక్కలు కాగితం మీది నుంచి కంప్యూటర్‌లోకి ఎట్లా రావాలో.

చాలామంది ఓనర్లు "మాదంతా కంప్యూటరే సార్" అంటారు. నిజమే, అమ్మకం బిల్లుల వరకు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. 2023 ఆగస్టు నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లకి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. అంటే సరుకు బయటికి పోయే గేటు దగ్గరికి కంప్యూటర్‌ని ప్రభుత్వమే తెప్పించింది. కాయ లోపలికొచ్చే గేటు దగ్గర మాత్రం చాలాచోట్ల ఇంకా కార్బన్ పేపర్ పెట్టిన చీటీ పుస్తకమే.

ఆ చీటీ విలువ ఎంతో 2025 సీజన్‌లో తెలిసింది. తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకి 12 వచ్చేలా చేస్తుందని ప్రకటించారు. 5 టన్నుల ట్రాక్టర్ అనుకోండి, ఆ 4 రూపాయలే 20,000 అవుతుంది. అది సరైన మనిషి ఖాతాలో పడాలంటే తూకం, పేరు, బ్యాంకు నంబరు మూడూ సరిగ్గా కలవాలి.

నా సంగతే చెప్తా. బీటెక్ అయ్యాక ఒక ఫ్యాక్టరీకి, పేరు వద్దులెండి, నేనే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. కాటా దగ్గర ట్యాబ్ పెట్టాను. సొన అంటిన చేతులతో టచ్ స్క్రీన్ ఏం పనిచేస్తుంది? రెండోరోజుకే అది బీరువాలోకి పోయింది. పగలంతా చీటీలు రాయడం, రాత్రి పదకొండుకి ఒక కుర్రాడు కూర్చుని ఎక్కించడం. ఒకరోజు 7,480 కిలోలు కాస్తా 4,780 అయింది. ఆ రైతు తన కాపీ దాచుకుని తెచ్చాడు కాబట్టి సరిపోయింది. తప్పు కుర్రాడిది కాదు, నాది. కాగితాన్ని తీసేశాననుకున్నాను గానీ, ఒకే లెక్క రెండుసార్లు రాసే పని పెట్టాను.

చేయాల్సింది వేరే. వేబ్రిడ్జి ఇండికేటర్‌కి మామూలుగా వెనకాల సీరియల్ పోర్ట్ ఉంటుంది. కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే నిండు బరువు, ఖాళీ బరువు వాటంతట అవే వస్తాయి. ఎవరూ అంకె కొట్టక్కర్లేదు. చీటీ ప్రింటర్‌లో వస్తుంది. తరుగు ఎంత తీశారో కూడా చీటీ మీదే ఉండాలి, గొడవలన్నీ అక్కడే కదా. ఇక పేర్లు. ఒక్క మండలంలో ఎంతమంది మునిరత్నాలు ఉంటారో మీకే తెలుసు. పైగా ఇంగ్లీషులో ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగ్. అందుకని పేరుతో కాదు, రైతుకి ఒక నంబరు ఇచ్చి దానితోనే వెతకాలి.

అసలు చిక్కు మాగబెట్టే గది దగ్గర. కాయ రాగానే గుజ్జు తీయరు కదా, కొన్నిరోజులు మాగాలి. ఒకే గదిలో పదిమంది రైతుల కాయ కలిసిపోతుంది. "ఈ డ్రమ్ము ఫలానా రైతుది" అని ఎవరూ చెప్పలేరు, చెప్పక్కర్లేదు కూడా. ఏ చీటీలు ఏ గదికి పోయాయి, ఆ గది కాయ ఏ బ్యాచ్ అయింది, ఆ బ్యాచ్ ఏ డ్రమ్ముల్లోకి ఎక్కింది, ఈ మూడు రాస్తే చాలు.

దీంతో లాభం ఏంటంటే, ఐరోపా యూనియన్ 178/2002 ఆహార చట్టం ప్రకారం అక్కడి వ్యాపారి సరుకు ఎవరి దగ్గర కొన్నాడో చూపించాలి. మందు అవశేషాలు ఎక్కువ వచ్చాయనుకోండి, ఆయన మనల్నే అడుగుతాడు. గది లెక్క ఉంటే ఆ డ్రమ్ములు పక్కన పెడతాం. లేకపోతే అనుమానం ఎక్కడిదాకా పోతుందో మనకే తెలీదు, గోడౌన్ మొత్తం ఆగుతుంది.

ఇదంతా జూన్‌లో మాత్రం మొదలుపెట్టకండి సామీ! గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. డిసెంబర్‌లో పోయిన సీజన్ చీటీల కట్ట తీసి ఓ 200 ఎక్కించి చూడండి. ఎక్కడెక్కడ పేరు కలవలేదో, ఊరు రాయలేదో అప్పుడే బయటపడుతుంది. కాటా గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకోండి, చీటీ వెనకాల పెన్సిల్‌తో రాసిన గుర్తులకి అర్థం ఆయనకే తెలుసు. మొదటి సీజన్ చీటీ పుస్తకం కూడా నడవనివ్వండి. కరెంటు పోతే దిక్కు అదే.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ కేబుల్ ఎట్లా కలపాలో ఒక కాటా దగ్గరే నిలబడి చూపిస్తా. ఉంటాను మరి.