పిల్లలకి బేస్‌బాల్ బ్యాట్ కొనే ముందు

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకి బ్యాట్ అంటే చెక్కే. 1979లో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ పట్టుకుని దిగితే, బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ అభ్యంతరం చెప్పాడు. చివరికి లిల్లీ చెక్క బ్యాట్‌కి మారవలసి వచ్చింది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంగతి దీనికి తలకిందులు. పెద్ద లీగుల్లో ఆడే వృత్తి ఆటగాళ్ళు చెక్క బ్యాట్ మాత్రమే వాడాలి. పిల్లల చేతుల్లో కనిపించేవి మాత్రం చాలావరకు లోపల బోలుగా వుండే లోహపు బ్యాట్‌లు, లేకపోతే కార్బన్ పీచుతో చేసిన కాంపోజిట్ బ్యాట్‌లు.

వసంతం వచ్చేసరికి మన తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ కంపెనీది కొనమంటారు?" కంపెనీ ఆఖరున చూడవలసిన విషయం అని నా జవాబు. ముందు చూడవలసింది ముద్ర. తరువాత పొడుగు, బరువు. ఆ తరువాత దేనితో చేశారన్నది.

ముద్ర ఎందుకో తెలియాలంటే బంతి బ్యాట్‌కి తగిలినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. గట్టి చెక్కకి తగిలిన బంతి బాగా నొక్కుకుపోతుంది. అలా నొక్కుకుని మళ్ళీ గుండ్రంగా అయ్యేటప్పుడు శక్తిలో పెద్ద భాగం వేడిగా మారి వృథా అవుతుంది. బోలు బ్యాట్‌లో అలా కాదు. దాని పల్చటి గోడ కొంచెం లోపలికి వంగి, వెంటనే వెనక్కి తన్నుతుంది. బంతి తక్కువ నలుగుతుంది, ఎక్కువ వేగంతో వెళుతుంది. దీన్ని ట్రాంపొలిన్ ప్రభావం అంటారు.

కొట్టేవాడికి ఇది సంబరమే. కాని ఎదురుగా బంతి వేసేవాడూ పిల్లవాడే! లిటిల్ లీగ్ మేజర్స్ విభాగంలో ఆ ఇద్దరి మధ్య దూరం 46 అడుగులు. గంటకి 60 మైళ్ళ వేగంతో వెనక్కి వచ్చే బంతి ఆ దూరాన్ని సుమారు 0.52 సెకండ్లలో దాటుతుంది. వేగం 75 మైళ్ళయితే 0.42 సెకండ్లు చాలు. మొహానికి గ్లవ్ అడ్డం పెట్టుకోవటానికి ఆ పదో వంతు సెకండు తేడా చాలా పెద్దది. అందుకే బ్యాట్ ఎంత "తన్నవచ్చో" నియమాలు పెట్టారు.

ఇప్పుడు ముఖ్యంగా మూడు ముద్రలు కనిపిస్తాయి. మొదటిది యు.ఎస్.ఎ. బేస్‌బాల్ ముద్ర. 2018 జనవరి 1 నుంచి లిటిల్ లీగ్ వంటి సంస్థలు దీన్ని అమలు చేశాయి. బోలు బ్యాట్ కూడా చెక్క బ్యాట్‌లాగే ప్రవర్తించాలన్నది దీని ఉద్దేశం. రెండోది యు.ఎస్.ఎస్.ఎస్.ఎ. ముద్ర. ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్లు చాలావరకు ఈ బ్యాట్‌లు వాడతాయి. వీటిలో తన్ను ఎక్కువ. మూడోది బి.బి.కార్. కాలేజీల్లో 2011 నుంచి, హైస్కూళ్ళలో 2012 నుంచి ఇది తప్పనిసరి అయింది. ఒక ముద్ర బ్యాట్ ఇంకో లీగులో చెల్లకపోవచ్చు. కాబట్టి బ్యాట్ కొనే ముందు కోచ్‌కి ఒక ఈమెయిల్ రాసి కనుక్కోండి. మరీ చిన్న పిల్లల టీ బాల్ బ్యాట్‌లు టీ బాల్ బంతులకే. సాఫ్ట్‌బాల్ బ్యాట్‌లు వేరే ఆటవి.

ఇక పొడుగు. బ్యాట్ పిడి చివరను పిల్లవాడి రొమ్ము మధ్యలో ఆనించి, బ్యాట్‌ని ముందుకి చాపమనండి. చాపిన చేతి వేళ్ళు బ్యాట్ కొసకి అందితే పొడుగు సరిపోయినట్టే.

బరువు చెప్పటానికి "డ్రాప్" అనే లెక్క వాడతారు. అంగుళాల్లో పొడుగు నుంచి ఔన్సుల్లో బరువు తీసేస్తే వచ్చేదే డ్రాప్. 28 అంగుళాల బ్యాట్ 18 ఔన్సులుంటే, అంటే సుమారు 510 గ్రాములుంటే, డ్రాప్ 10. అదే పొడుగులో డ్రాప్ 8 అంటే 20 ఔన్సులు. హైస్కూల్లో డ్రాప్ 3 మించకూడదు, అంటే బ్యాట్ బరువుగానే వుండాలి.

మనవాళ్ళ అలవాటు ఒకటి ఇక్కడ పనికిరాదు. ఎదిగే పిల్లాడు కదా అని చొక్కా, బూట్లు ఒక సైజు పెద్దవి కొంటాం. బ్యాట్ అలా కొనకూడదు. బరువైన బ్యాట్ బంతిని గట్టిగా కొడుతుందన్న మాట నిజమే, కాని అంతే వేగంతో తిప్పగలిగితేనే. తిప్పలేకపోతే బ్యాట్ వేగం తగ్గుతుంది, బంతి దాటిపోయాక బ్యాట్ వస్తుంది. దాన్ని సర్దుకోవటానికి పిల్లవాడు బంతిని చూడకుండానే ముందుగా తిప్పటం మొదలుపెడతాడు. వరసగా నాలుగు ఆటల్లో బంతి తగలకపోతే, లోపం తనదే అనుకుని ఆటే వద్దంటాడు. తేలికపాటి బ్యాట్‌తో బంతిని ఇంకొక్క క్షణం చూసే వీలుంటుంది. పరీక్ష సులువు: బ్యాట్‌ని ఒంటి చేత్తో పక్కకి చాపి అరనిమిషం పట్టుకోమనండి. చెయ్యి వణికినా, వాలిపోయినా ఆ బ్యాట్ వద్దు.

ఒకే బరువున్న రెండు బ్యాట్‌లు కూడా చేతికి ఒకలా వుండవు. బరువు కొస వైపు వున్నది తిప్పటానికి కష్టం. సుత్తిని తల వైపు పట్టుకుని ఒకసారి, పిడి వైపు పట్టుకుని ఒకసారి తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బరువు సమంగా పంచిన బ్యాట్ మంచిది.

అల్యూమినియం బ్యాట్ మొదటి రోజు నుంచే బాగా పనిచేస్తుంది, సొట్టలు పడినా సాధారణంగా ఒక్కసారిగా విరగదు, ధర తక్కువ. కాంపోజిట్ బ్యాట్ చేతికి జలదరింపు తక్కువ ఇస్తుంది, కాని కొన్ని వందల దెబ్బలు పడితే గాని మెత్తబడదు. 60 డిగ్రీల ఫారెన్‌హైట్ కంటే చలిగా వుంటే పగిలే ప్రమాదం వుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఏప్రిల్ ఆటలకి ఇది గుర్తుంచుకోవాలి. యంత్రంలో పెట్టి నలిపి త్వరగా మెత్తబరచటం నియమాలకి విరుద్ధం.

యు.ఎస్.ఎ. ముద్ర తన్నుకి హద్దు పెడుతుంది కనుక, ఆ లీగుల్లో మూడు వందల డాలర్ల బ్యాట్ వంద డాలర్ల బ్యాట్ కంటే మూడు రెట్లు దూరం కొట్టదు. ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది చేతికి హాయి, మంచి సమతూకం. ఏడాదికో అంగుళం మారే వయసులో అంత ఖర్చు అక్కరలేదని నా అభిప్రాయం. వాడిన బ్యాట్ కొన్నా తప్పులేదు. పగుళ్ళు, లోపల గలగలలు లేకుండా, ముద్ర స్పష్టంగా కనబడేలా వుంటే చాలు. మిగిలిన డబ్బుతో ఒక బకెట్ బంతులు కొని, సాయంత్రాలు మీరే వెయ్యండి. ఏ బ్యాట్ అయినా ఫలితం ఇచ్చేది అప్పుడే.