బలానికీ ఓ వేళ ఉంది!

తెల్లవారుజామున హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిలబడితే చలికి ఒళ్లు జివ్వుమంటుంది. మా అమ్మాయికి మాత్రం పడవలో కూర్చుని తెడ్లు చేతబడితే చలీగిలీ ఏమీ ఉండవు. 13 ఏళ్లది. ఏడాదిగా రోయింగ్ నేర్చుకుంటోంది.

అలాంటిది ఓరోజు ఇంటికొస్తూనే బ్యాగు మూలకి విసిరేసి, "నేనింక వెళ్లనమ్మా. నాకు బలం లేదట" అని ఏడ్చేసింది. దీంతోపాటే చేరిన స్నేహితురాలు మెషీన్ మీద లాగే పరీక్షలో దీనికంటే ఎంతో ముందుందట. ఇద్దరిదీ ఒకటే వయసు. కానీ ఆ పిల్ల జానెడు పొడవు.

తల్లి మనసు ఊరుకుంటుందా? బాదంపప్పులు, గుడ్లు, డబ్బాల్లో అమ్మే పొడులు... అన్నీ మొదలుపెట్టాను. మా అత్తయ్యేమో "ఆడపిల్లకి కండలెందుకే?" అని ఒకటే గోల. చివరికి తెలిసిన లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"అమ్మాయి పెద్దమనిషి అయ్యిందా?" ఆవిడ మొదటి ప్రశ్న.

ఇంకా కాలేదన్నాను.

"మరి ఆ స్నేహితురాలు?"

"రెండేళ్లయింది."

"ఇంకేం, జవాబు అక్కడే ఉంది" అని నవ్వారావిడ.

వయసు వేరు, ఎదుగుదల వేరు

ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు 14 ఏళ్లప్పుడు బాగా వేగంగా పొడవు పెరుగుతారట. ఇది సగటు లెక్క. కొందరికి ముందే వస్తుంది, కొందరికి ఆలస్యం. ముందు ఎముకలు సాగుతాయి, కండబలం వెనకాల వస్తుంది. రజస్వల కావడం సాధారణంగా ఆ వేగం దాటాకే. అంటే ఆ పిల్ల చాలావరకు ఎదిగేసింది, మావాడి... కాదు, మా అమ్మాయి ఎదుగుదల ఇంకా ముందుంది!

రోయింగంటే చేతుల పని అనుకునేదాన్ని. ఎక్కువ బలం కాళ్లదే. కాళ్లతో తన్నితే సీటు వెనక్కి జారుతుంది. తర్వాత నడుము, చివర్న చేతులు. కాళ్లూ చేతులూ పొడవైతే తెడ్డు నీళ్లలో ఎక్కువ దూరం లాగొచ్చు.

అలాగని ఊరికే కూర్చోమని కాదు. ఈ వయసులోనూ వ్యాయామంతో బలం పెరుగుతుంది. కండ లావెక్కకపోయినా, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. కాకపోతే తేలికైన బరువులతో, పద్ధతి తెలిసినవాళ్ల ఎదుటే చేయించాలి. రోయింగ్‌లో నడుంనొప్పి ఎక్కువ. పిల్ల నడుం నొప్పంటే "ఓర్చుకో" అనకూడదు.

ఇది మామూలే అనుకోకండి

ఈ మాటలన్నీ ఆ స్నేహితురాలి తల్లికి చెబుదామని వెళ్తే, ఆవిడ బాధ ఇంకోటి. ఒళ్లు వస్తోందని పిల్ల రాత్రిళ్లు అన్నం మానేసిందట. మూడు నెలలుగా నెలసరి లేదు. "ఆటలాడే పిల్లలకి మామూలేనట కదా వదినా" అంది. వెంటనే అదే డాక్టరు దగ్గరికి వెళ్లాం. పడే శ్రమకి తగ్గ తిండి లేకపోతే హార్మోన్లు తగ్గి, ఎముకలు బలహీనపడతాయని ఆవిడ హెచ్చరించారు. ఈ సమస్య మీద అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే హెచ్చరించిందట. ఎదిగే ఆడపిల్లకి కాస్త ఒళ్లు రావడం సహజం. ఇప్పుడా పిల్ల కడుపునిండా తింటోంది. నెలసరి కూడా మళ్లీ మొదలైంది.

అత్తయ్యకి మాత్రం జవాబు నేనే చెప్పాను. 1976లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల రోయింగ్ మొదలైనప్పుడు వాళ్లకి 1000 మీటర్లే, మగవాళ్లకి 2000. 1985 నుంచి అంతర్జాతీయ పోటీల్లో ఇద్దరికీ ఒకటే దూరం. "అయితే లాగగలరన్నమాట" అందావిడ.

ఇప్పుడు మా వంటింటి తలుపు మీద పెన్సిలు గీతలున్నాయి. మూడు నెలలకోసారి పిల్ల పొడవు కొలుస్తాను. దాని పక్కనే మెషీన్ మీద తన టైమూ రాసుకుంటుంది. పోలిక పక్క పడవతో కాదు, తన పాత గీతతోనే. మొన్న గీత వేలెడు పైకి జరిగింది. పొడుల డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోసుకున్నాను!