సముద్రమునకు అన్నభేది: అనుమతి ఎవరిది?

సున్నపు నేలలలో వేరుశనగ లేత ఆకులు పాలిపోయినపుడు మీరు ఎకరమునకు కిలో అన్నభేదిని, 200 గ్రాముల నిమ్మ ఉప్పును 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారి చేయుదురు. ఆ అన్నభేదినే సముద్రమునకు వేసి చూచినవారు కలరు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నది. సముద్రపు పైనీటిలో కంటికి కానరాని నాచు ఈ వాయువును పీల్చుకొని పెరుగును. దక్షిణ సముద్రములో నత్రజని, భాస్వరము పుష్కలముగా నున్నను ఇనుము చాలదు. ఇనుము వేసినచో నాచు పెరిగి, చచ్చి, లోతునకు దిగి, కర్బనమును అచటనే దాచునని శాస్త్రజ్ఞుల ఆశ.

2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థయు, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థయు కలిసి లోహాఫెక్స్ అను ప్రయోగమును తలపెట్టినవి. ఇట్టి ఎరువు శాస్త్ర పరిశోధనకు తప్ప వేయరాదని లండన్ ఒడంబడిక దేశములు 2008లోనే తీర్మానించియుండెను. ఓడ బయలుదేరిన పిమ్మట జర్మనీ పర్యావరణ శాఖ అభ్యంతరము తెలుపగా, కీడు కలుగునా యని పరీక్షించువరకు పని ఆగినది. ఆపుట మంచిదే యని నా అభిప్రాయము.

తరువాత 300 చదరపు కిలోమీటర్ల నీటిలో 6 టన్నుల ఇనుము కలిపిరి. లెక్క కట్టి చూడుడు: ఎకరమునకు సుమారు 80 గ్రాములు. మీ కిలో అన్నభేదిలో ఇంతకు రెట్టింపునకు మించి ఇనుము కలదు! నాచు రెండు వారములలో రెట్టింపైనది. కాని లోతునకు దిగినది స్వల్పము. గాజు పెంకుగల నాచుకు సిలికా కావలెను; ఆ నీటిలో అది చాలలేదు. పెరిగిన మెత్తని నాచును రొయ్యజాతికి చెందిన చిన్న జీవులు మేసివేసినవి. జింకు లోపించిన మడిలో యూరియా కుమ్మరించిన రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

2012లో కెనడా పడమటి తీరమునకు దూరముగా ఒక సంస్థ సుమారు 100 టన్నుల ఇనుప లవణమును సముద్రములో పోసినది. సాల్మన్ చేపలు పెరుగును, కార్బన్ క్రెడిట్లు అమ్ముకొనవచ్చును అని నమ్మి హైడా జాతివారి ఓల్డ్ మాసెట్ గ్రామము సుమారు 25 లక్షల డాలర్లు పెట్టినది. మరుసటి సంవత్సరము ప్రభుత్వాధికారులు ఆ సంస్థ కార్యాలయమును సోదా చేసిరి. వరి మడులను ఆరగట్టుటకై క్రెడిట్లిత్తుమని మన గ్రామములకు వచ్చువారు కూడ నున్నారు. కొలుచువాడెవడు, గడువెంత, పంట తగ్గిన నష్టమెవరిది అను మూడింటిని కాగితముపై చూచిన పిమ్మటనే సంతకము పెట్టుడు.

పొలమునకు సర్వే రాళ్లున్నవి, కరణము లెక్కలుండెడివి. తీరమునుండి 200 నాటికల్ మైళ్లు దాటిన నీటికి పట్టాదారు లేడు. వేసిన ఇనుము ఎచటికి కొట్టుకొనిపోవునో హద్దు లేదు. అందుచేతనే 2013లో లండన్ ప్రోటోకాల్‌ను సవరించి, ముందు పరీక్ష, పిదప అనుమతి యని నియమము వ్రాసిరి. సభ్యదేశములలో మూడింట రెండు వంతులు ఆమోదించిననే అది అమలగును. 2024 చివరివరకు ఆ సంఖ్య కుదరలేదు.