పాత పడవకు కొత్త ప్రాణం

ఏప్రిల్ 15 రాగానే తూర్పు తీరమంతటా మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని విధించే ఈ నిషేధం జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. ఉప్పాడ, కాకినాడ తీరాల్లో వలలు అల్లుకోవడానికి, ఇంజన్లు విప్పి చూసుకోవడానికి దొరికే తీరిక ఇదే. పాత ఫైబర్ పడవ కొనాలనుకునేవారికీ ఇంతకన్నా మంచి అదను ఉండదు. పడవ ఇసుక మీద ఉంటుంది కాబట్టి అడుగు భాగం కూడా కంటికి ఆనుతుంది.

కొనడానికి వెళ్లినవారి చూపు ముందుగా ఇంజను మీద పడుతుంది. ఇంజనుదేముంది, విప్పొచ్చు, మార్చొచ్చు. గట్టిగా పరీక్షించాల్సింది దాన్ని బిగించిన వెనక పలకను. ఔట్‌బోర్డ్ మోటారు వాడే చాలా పడవల్లో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దాని చుట్టూ ఫైబర్ పొరలు. బోల్టులు దిగిన రంధ్రాల్లోంచి నీరు చేరి చెక్క లోలోపల కుళ్లిపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తితో పలకంతా తట్టుకుంటూ పోతే గుట్టు బయటపడుతుంది: గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. మోటారు పట్టుకుని ఊపినప్పుడు పలక కదిలినా, మూలల్లో బీటలు విచ్చుకున్నా ఆ పడవ ధర సగానికి దిగాల్సిందే. పడవ తేలడానికని బల్లల కింద నింపిన ఫోమ్‌నూ చూడాలి. అది నీళ్లు తాగిందంటే పడవ తన బరువుకు తానే కుంగుతుంది.

చిల్లు పడిన ఫైబర్‌ను బాగుచేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. పైపైన ముద్ద మెత్తితే నాలుగు అలలకు ఊడొస్తుంది. చిల్లు చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి. ఆ వాలు పడవ గోడ మందానికి పన్నెండు రెట్లు వెడల్పుండాలి, అంటే 6 మిల్లీమీటర్ల గోడకు చుట్టూ ఏడు సెంటీమీటర్ల పైమాటే. ఆపైన గాజునార మ్యాట్ ముక్కలను రెజిన్‌తో తడిపి పొర మీద పొర వేస్తూ, రోలర్‌తో గాలి బుడగలు పోయేలా నొక్కాలి. గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్క్ తప్పనిసరి. మరో హెచ్చరిక ప్రాణాలకు సంబంధించింది. రెజిన్‌లో కలిపే కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ ఎన్నడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు. అవి భగ్గున మండుతాయి, పేలనూవచ్చు. ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

మోటారు విషయానికొస్తే, గేర్ ఆయిల్ కొద్దిగా దించి చూస్తే చాలు. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు దిగినట్టే. ఇంజన్ను చల్లబరిచే నీటిని తోడే రబ్బరు ఇంపెల్లర్‌ను పాతది ఎలా ఉన్నా మార్చేయడం మేలు. ఇంజను నడుస్తున్నంతసేపూ పక్క నుంచి సన్నని నీటిధార పడుతూ ఉండాలి. అది ఆగిందంటే వెంటనే ఇంజను ఆపాలి. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో లోపలి ఉప్పును కడిగేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచకూడదు.

ఇక నడపడం. కారు నడిపినవారిని పడవ మొదట తికమక పెడుతుంది. దీనికి బ్రేకు లేదు. తిప్పినప్పుడు ముందు భాగం కన్నా వెనక భాగం ఎక్కువగా బయటికి ఊగుతుంది. చేతిపిడిని కుడికి నెడితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గేరు న్యూట్రల్‌లో పెడితే ఔట్‌బోర్డ్ పడవ చెప్పిన మాట దాదాపు వినదు, దాన్ని తిప్పేది ఫ్యాను తోసే నీరే గనుక. జెట్టీని చేరేటప్పుడు గాలికీ ప్రవాహానికీ ఎదురుగా, మెల్లగా రావాలి. అప్పుడు అవే బ్రేకులవుతాయి.

ఈ విద్యకు కాకినాడ అఖాతం అనువైన చోటు. గోదావరి ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్ దాదాపు 16 కిలోమీటర్ల పొడవున అడ్డంగా నిలిచి, పెద్ద అలలను ఆపుతుంది. ఉప్పాడ ఒడ్డు కథ వేరు. అక్కడ విరుచుకుపడే కెరటాల మధ్య పడవ దించడానికి, పెద్ద అలలు పోయాక వచ్చే చిన్న విరామాన్ని కనిపెట్టాలి. ముక్కును అలకు నేరుగా ఉంచాలి. పడవ అడ్డం తిరిగితే బోల్తా ఖాయం. ఇది అనుభవమున్న సరంగు పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే, పుస్తకం చదివితే వచ్చేది కాదు.

దారి నియమాలు మాత్రం ముందే నేర్చుకోవచ్చు. రెండు మరపడవలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తప్పుకోవాలి. దారులు అడ్డంగా కలిసేటప్పుడు, తన కుడివైపు నుంచి వచ్చేదానికి దారి ఇవ్వాలి.

బయలుదేరే ముందు లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బల్ల కింద కాదు. నడిపేవారు జారి పడితే ఇంజన్ను ఆపే తాడు మణికట్టుకు కట్టి ఉండాలి. ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పాలి. ఆపదలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554. పడవ తిరగబడినా దాన్ని వదిలి ఒడ్డుకు ఈదకూడదు. ఫోమ్ చెడని ఫైబర్ పడవ మునగదు, నీటిలో ఒంటరి తల కన్నా వెతికేవారికి అదే ముందు కనిపిస్తుంది.