రెండు ఆసులు ఓడిపోయాక...

2010 జులై. లాస్ వెగాస్‌లోని రియో హోటల్. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ నడుస్తోంది. తలా 10,000 డాలర్లు కట్టి 7,319 మంది మొదలుపెట్టిన టోర్నీలో ఇక మిగిలింది 15 మందే. ఇంకో ఆరుగురు ఔటైతే ఫైనల్ టేబుల్. మొదటి బహుమతి 89 లక్షల డాలర్లు. మాట్ అఫ్లెక్ అనే అమెరికన్ కుర్రాడి చేతిలో రెండు ఆసులు ఉన్నాయి. ఎదురుగా కెనడా ఆటగాడు జొనాథన్ డుహమెల్. అతని చేతిలో రెండు జాకీలు.

రమ్మీ, మూడు ముక్కలాట మాత్రమే తెలిసినవాళ్లకు చిన్న వివరణ. ఈ రకం పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. మొత్తం ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే వాళ్లదే ఆట. ఆ చివరి ఐదో ముక్కని ‘రివర్’ అంటారు. పోకర్ ఆడేవాళ్ల కలల్ని నిండా ముంచే ముక్క అదే.

అఫ్లెక్ ఆటలో టేబుల్ మీద నాలుగు ముక్కలు తెరిచారు: 10, 9, 7, రాణి. అప్పుడే అఫ్లెక్ తన చిప్స్ అన్నీ ముందుకు నెట్టేశాడు. డుహమెల్ చాలాసేపు ఆలోచించి సరే అన్నాడు. మధ్యలో 4 కోట్లకు పైగా చిప్స్ పోగుపడ్డాయి. కనపడని ముక్కలు 44. వాటిలో డుహమెల్‌ని కాపాడేవి పదే పది. నాలుగు 8లు, నాలుగు రాజులు, మిగిలిన రెండు జాకీలు. తక్కిన 34లో ఏది పడ్డా అఫ్లెక్‌దే ఆట.

పడింది 8.

డుహమెల్‌కి సీక్వెన్స్ కుదిరింది. అఫ్లెక్ 15వ స్థానంలో ఔట్. కెమెరాలు చూస్తుండగానే కన్నీళ్లు ఆగలేదు. నవంబర్‌లో జరిగిన ఫైనల్‌లో డుహమెల్ చాంపియన్ అయ్యాడు.

ఔటైనా అఫ్లెక్‌కి 5 లక్షల డాలర్లు వచ్చాయి. అంత డబ్బు చేతికొచ్చినవాడు ఏడవడమేంటి అని మనకి అనిపిస్తుంది. నాకైతే ఆ ఏడుపులో తప్పేం కనపడదు. తప్పు చేసి ఓడితే కనీసం తిట్టుకోవడానికి మనమున్నాం. అన్నీ సరిగ్గా చేసి, నూటికి 77 పాళ్లు గెలిచే ఆటలో ఓడితే ఎవర్ని తిట్టాలి? పోకర్‌లో దీన్ని ‘బ్యాడ్ బీట్’ అంటారు. ఏడ్చినా పర్లేదు, ఆ ఏడుపు అయ్యాక ఏం చేస్తారన్నదే అసలు విషయం.

మెషీన్‌ని కుదిపితే...

పోకర్ ఆడేవాళ్ల నోట ఎప్పుడూ వినిపించే మాట ‘టిల్ట్’. ఇది పాత పిన్‌బాల్ మెషీన్ల నుంచి వచ్చింది. బంతి గుంతలో పడిపోతోందని చిరాకేసి మెషీన్‌ని ఎత్తి కుదిపేవాళ్లు ఉండేవారు. గట్టిగా కుదిపితే మెషీన్ మీద ‘టిల్ట్’ అనే లైటు వెలిగేది. అంతే, మీటలు పనిచేయడం మానేసేవి. బంతి నేరుగా గుంతలోకి పోయేది. కోపంతో కాపాడదామనుకున్న బంతి ఆ కోపం వల్లే పోయేదన్నమాట.

టేబుల్ దగ్గరా జరిగేది ఇదే. పెద్ద ఆట పోగానే ఒళ్లు వేడెక్కుతుంది. తర్వాత వచ్చిన చెత్త ముక్కలు కూడా బంగారంలా కనిపిస్తాయి. ‘వాడు నా చిప్స్ పట్టుకుపోయాడు, వాడి దగ్గరే లాక్కుంటాను’ అనిపిస్తుంది. మామూలుగా అయితే మడిచి పక్కన పడేసే ముక్కలతో పందెం కాసేస్తారు. పోకర్ ఆటగాళ్లకు మెంటల్ కోచ్‌గా పనిచేసిన జారెడ్ టెండ్లర్ 2011లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. టిల్ట్ ఒకటి కాదు, చాలా రకాలంటాడు. ‘నాకే ఎందుకిలా జరుగుతుంది’ అనుకునే రకం ఒకటి. ‘నాకంటే చేతకానివాడు గెలవడమేంటి’ అని ఉడికిపోయేది ఇంకొకటి. పగ తీర్చుకునేది వేరే. ఎవరిది ఏ రకమో తెలియకుండా అందరికీ ఒకే మందు, ‘కూల్‌గా ఉండు బాస్’, అంటే పనిచేయదు. నిజానికి ఉడికిపోతున్నవాడికి ఆ మాట చెప్పి చూడండి, ఇంకా ఉడుకుతాడు.

ఐదుసార్లు 80 శాతం

చిన్న లెక్క చూద్దాం. టోర్నీలో మీ చిప్స్ అన్నీ పెట్టి ఆడాల్సి వచ్చిన ప్రతిసారీ మీరు గెలిచే అవకాశం 80 శాతం అనుకోండి. అంటే ఎప్పుడూ మీదే పైచేయి. రెండు ఆసులు రెండు రాజుల మీద గెలిచే అవకాశం కూడా దాదాపు ఇంతే, 82 శాతం. అలాంటి ఐదు ఆటలు వరసగా గెలవాలంటే? 0.8ని ఐదుసార్లు గుణించి చూడండి. వచ్చేది 33 శాతమే. అంటే ఎక్కడా తప్పు చేయని ఆటగాడు కూడా మూడింట రెండుసార్లు దారిలోనే ఔటైపోతాడు.

మామూలు క్యాష్ గేమ్‌లో అయితే ఇంకో నోటు తీసి మళ్లీ కూర్చోవచ్చు. టోర్నీలో చిప్స్ అయిపోతే ఇంటికే. పైగా చాలా టోర్నీల్లో నూటికి పది పదిహేను మందికే డబ్బులొస్తాయి. మిగిలినవాళ్లు ఎంత బాగా ఆడినా ఖాళీ చేతులే. కాబట్టి టోర్నీ పోకర్ ఆడేవాడికి ఓడిపోవడం రోజూ ఆఫీసుకెళ్లడం లాంటిది. దాన్ని అన్యాయంగా చూసినన్నాళ్లు ప్రతి రోజూ అన్యాయంగానే ఉంటుంది.

2014లో ఇంకా దారుణం జరిగింది. ప్రవేశ రుసుమే 10 లక్షల డాలర్లుండే ‘బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్’ టోర్నీ. కానర్ డ్రినన్ దగ్గర రెండు ఆసులు, కేరీ కాట్జ్ దగ్గరా రెండు ఆసులే. మామూలుగా ఇలాంటప్పుడు సగం సగం పంచుకుని నవ్వుకుంటారు. కానీ టేబుల్ మీద నాలుగు ఆఠీన్లు పడ్డాయి. ఆఠీన్ ఆసు ఉన్నది కాట్జ్ దగ్గర. డ్రినన్ ఔట్. అలా ఓడే అవకాశం దాదాపు 2 శాతం. టైమ్ బాలేదు అనుకోవడం తప్ప ఇంకేం మిగులుతుంది?

చెత్త పక్కింట్లో పోయొద్దు

మరి ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు ఏం చేస్తున్నారు? ఎరిక్ సైడెల్‌ని చూడండి. 1988 మెయిన్ ఈవెంట్ చివరి ఇద్దరిలో ఒకడు. జానీ చాన్ వేసిన వలలో పడి ఓడిపోయాడు. అంతటితో అయిపోలేదు. 1998లో వచ్చిన ‘రౌండర్స్’ సినిమాలో ఆ ఆట క్లిప్పునే చూపించారు. మన ఓటమి సినిమాలో పెట్టి లోకమంతా మళ్లీ మళ్లీ చూస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి! సైడెల్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. 2023 నాటికి వరల్డ్ సిరీస్ గెలిచినవాళ్లకిచ్చే బంగారు బ్రేస్‌లెట్లు అతని దగ్గర 10 ఉన్నాయి.

ఈ సైడెల్ దగ్గరే పోకర్ నేర్చుకుంది మరియా కొన్నికోవా. సైకాలజీలో పీహెచ్‌డీ చేసిన రచయిత్రి. ఆమెకి గైడ్ వాల్టర్ మిషెల్. చిన్నపిల్లల ముందు మార్ష్‌మెల్లో పెట్టి ‘ఇప్పుడే తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు’ అని పరీక్ష పెట్టింది ఆయనే. మనసుని అదుపులో పెట్టుకోవడం గురించి అంత చదివిన మనిషి. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియకుండా పోకర్‌లో దిగింది. ఒకసారి తన బ్యాడ్ బీట్ కథ చెప్పబోతే సైడెల్ విననన్నాడట. అలాంటి కథలు చెప్పడమంటే మన చెత్త తీసుకెళ్లి పక్కింటి ముంగిట్లో పోయడమే అన్నది ఆయన ఉద్దేశం. ముక్క ఏది పడిందన్నది అనవసరం, ఆ క్షణంలో నువ్వు ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నావో చెప్పు, దానిమీద మాట్లాడుకుందాం అనేవాడు. ఈ సంగతులన్నీ 2020లో వచ్చిన ఆమె పుస్తకం ‘ది బిగ్గెస్ట్ బ్లఫ్’లో ఉన్నాయి. 2018లో ఆమె బహమాస్‌లో ఒక టోర్నీ గెలిచి 84,600 డాలర్లు అందుకుంది.

సైడెల్ అడిగే ప్రశ్నలో కిటుకుంది. బ్యాడ్ బీట్ కథని పదిమందికి చెప్పిన కొద్దీ మన బుర్ర దాన్ని ‘నాకు జరిగిన అన్యాయం’ అనే ఫోల్డర్‌లో సేవ్ చేసుకుంటుంది. అదే ఆటని ‘నేను ఏం చేశాను’ అని చెప్పుకుంటే పాఠంగా మారుతుంది. చాలామంది ఆటగాళ్లు ఆట పోగానే దాన్ని ఫోన్‌లో నోట్ చేసేసుకుంటారు. రాత్రి రూమ్‌కి వెళ్లాక చూసుకుందాంలే అని మనసుకి సర్దిచెప్పడం అన్నమాట. వెంటనే ఇంకో పని కూడా ఉంది. మిగిలిన చిప్స్ లెక్కపెట్టడం. ‘ఇందాక ఎన్ని ఉండేవి’ అని కాదు, ‘ఇప్పుడు ఎన్ని బ్లైండ్లకు సరిపోతాయి’ అని. లెక్కలో పడితే కోపానికి ఖాళీ ఉండదు. అప్పటికీ చేతులు వణుకుతుంటే లేచి వెళ్లిపోతారు. ఒకటి రెండు ఆటలు పోయినా నష్టం లేదు. మెయిన్ ఈవెంట్‌లో ఎలాగూ రెండు గంటలకోసారి 20 నిమిషాల బ్రేక్ ఇస్తారు. ఆ బ్రేక్‌లో బ్యాడ్ బీట్ కథలు చెప్పే గుంపుకి దూరంగా ఉండటం కూడా ఒక నైపుణ్యమే!

ఇక్కడ ఒక తిరకాసుంది. ఫిల్ హెల్‌మ్యూత్ అని ఒకాయన ఉన్నాడు. ఓడితే అరుస్తాడు, ఎదుటివాడికి ఆడటం రాదని తిడతాడు. ‘పోకర్ బ్రాట్’ అని పేరు. చూడ్డానికి టిల్ట్‌కి బ్రాండ్ అంబాసిడర్‌లా ఉంటాడు. కానీ 2023 నాటికి అతనికి 17 బ్రేస్‌లెట్లు. అందరికంటే ఎక్కువ! నోరు పారేసుకున్నా తర్వాతి ఆటలో పందేలు మాత్రం లెక్కగానే కాస్తాడన్నమాట. మొహం ప్రశాంతంగా పెట్టి చిప్స్ అన్నీ తగలేసేవాళ్లూ ఉన్నారు. అందుకే నన్నడిగితే మౌనంగా కూర్చోవడాన్ని నిబ్బరం అనుకోకూడదు. తర్వాతి నిర్ణయం ముందటి ఓటమి తీసుకుంటోందా, మీరు తీసుకుంటున్నారా? చూడాల్సింది అదే. అలాగని హెల్‌మ్యూత్‌లా అరవమని కాదు. పక్కన కూర్చున్నవాళ్లు ఏం పాపం చేశారు?

1982 చాంపియన్ జాక్ స్ట్రాస్ కథ పోకర్‌లో అందరికీ తెలుసు. చిప్స్ అన్నీ పోయాయనుకుని లేవబోతే ఒక్క 500 చిప్ మిగిలి కనిపించింది. ‘ఆల్ ఇన్’ అని నోటితో చెప్పలేదు కాబట్టి ఆడనిచ్చారు. దాంతోనే తిరిగి లేచి టోర్నీ గెలిచి 5,20,000 డాలర్లు పట్టుకుపోయాడు. ‘ఒక చిప్, ఒక కుర్చీ ఉంటే చాలు’ అనే మాట పోకర్‌లో దీంతోనే పాపులర్ అయింది. వినడానికి బాగుంటుంది గానీ, ఈ కథని టోర్నీ బయటకి తీసుకెళ్తేనే ప్రమాదం.

పోయిన చోటే వెతుక్కుంటే

ఎందుకంటే టోర్నీకి ఒక గోడ ఉంది. కట్టిన ఫీజు కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోదు. స్ట్రాస్ ఆ చిప్ పోగొట్టుకున్నా కొత్తగా అప్పు అయ్యేది కాదు. (ఔటైనవాళ్లు మళ్లీ డబ్బు కట్టి రావచ్చనే ‘రీ-ఎంట్రీ’ టోర్నీల్లో ఈ గోడకీ కన్నం పడింది. అందుకే వాటిలో ఎన్నిసార్లు కట్టాలో ముందే ఒక నంబర్ అనుకుని కూర్చుంటారు తెలివైనవాళ్లు. ఓడాక అనుకునే నంబర్‌కి విలువ లేదు.)

ఫోన్‌లో రమ్మీ, పోకర్, బెట్టింగ్ యాప్‌లకు ఆ గోడే లేదు. ‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అని మనవాళ్లు అంటుంటారు కదా, టిల్ట్‌కి ఇంతకంటే మంచి తెలుగు అనువాదం దొరకదు. రాత్రి రెండింటికి 2,000 పోయినవాడికి బ్రేక్ ఇచ్చేవాడుండడు, కుర్చీలోంచి లేవమనేవాడుండడు. ఉన్నది ఒక బటన్, ఒక యూపీఐ పిన్. ఆ తర్వాత లోన్ యాప్. మన ఊళ్లలో అప్పులైపోయి ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. వాళ్లంతా ఆట తెలియనివాళ్లేం కాదు. లేచి వెళ్లలేకపోయినవాళ్లు.

తెలంగాణ 2017లోనే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే చేసింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనే లేకుండా. అయినా టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో విదేశీ సైట్ల లింకులు వస్తూనే ఉన్నాయి. ‘మొదటి 500 మాదే’ అనే ఆఫర్‌తో సహా.

అలాంటి లింకులో ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని, దాన్ని ఈ రాత్రికే లాగేయాలనిపిస్తుంటే ముందు ఫోన్ ఇంకొకరి చేతికివ్వండి. ఎంత పోయిందో ఇంట్లో ఒక్కరికైనా అసలు అంకె చెప్పండి, సగం తగ్గించి కాదు. ఇంట్లో చెప్పలేకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబర్ 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రి రెండింటికి కూడా ఎత్తుతారు.