తోమక కాదు, తాగిన నీళ్ళవల్ల!

ఎదుటి మనిషి నవ్వగానే పళ్ళు గోధుమరంగులో కనిపించాయనుకోండి. "పళ్ళు తోముకోడు కాబోలు" అనుకుంటాం. లేదా "గుట్కా అలవాటుంది" అని తేల్చేస్తాం. వీధిలో పిలిస్తే తల తిప్పని పెద్దాయనకు పొగరంటాం. వంగి పని చెయ్యని కోడలికి ఒళ్ళు బరువంటాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టరుగా చెబుతున్నాను. ఇలాంటి తీర్పులు ఎన్నోసార్లు తప్పుతాయి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో పిల్లల్ని పరీక్షిస్తున్నాను. పదేళ్ళ కుర్రవాడి ముందు పళ్ళమీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. క్లాసంతా వింటుండగా, "రోజూ పళ్ళు తోముకోవాలని నీకెవరూ చెప్పలేదా?" అని గదమాయించాను.

వాడు తల వంచుకుని, "తోముతున్న సార్. ఇటిక పొడి పెట్టి గూడ తోమిన. పోతలేవు" అన్నాడు.

అప్పుడు చూశాను వాడి చిగుళ్ళు. రుద్ది రుద్ది ఒరుసుకుపోయి ఉన్నాయి. ఫ్లోరోసిస్ గురించి పుస్తకాల్లో చదివినవాణ్ణే. అయినా ఆ క్షణంలో నాకు జబ్బు తట్టలేదు, వాడి తప్పే తట్టింది.

అసలు సంగతి ఏమిటంటే, ఈ ప్రాంతంలో భూమి అడుగున ఉన్న గ్రానైట్ రాళ్ళలోంచి ఫ్లోరైడ్ కరిగి నీళ్ళలో చేరుతుంది. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటరాదని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో ఊళ్ళలో బోరునీరు ఈ హద్దు దాటింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది.

చిగురు కింద పన్ను తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఈ నీళ్ళు తాగితే మచ్చ పంటి పైపొరలోనే పడుతుంది. ఎంత తోమినా పోదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం ద్వారా నదీజలాలు ఇళ్ళకు వచ్చాయి కదా, ఇంకా ఈ మచ్చలేమిటని మీరు అడగవచ్చు. నీళ్ళు మారినా, చిన్నప్పుడు తయారైన పన్ను మారదు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ కూడా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

అది ఎముకలకు పాకితే నడుము, మెడ బిగుసుకుపోతాయి. మొన్నామధ్య ఒక అత్తగారు కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. "ఒంగి వాకిలి ఊడ్వదు సారూ. అన్నీ సాకులే" అని ఫిర్యాదు. ఆ అమ్మాయి మాట్లాడలేదు. మోకాళ్ళు మడవకుండా వంగి కాలివేళ్ళు తాకమన్నాను. చేతులు మోకాళ్ళు దాటలేదు. గడ్డం ఛాతీకి ఆనించమన్నాను. ఆనలేదు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమన్నాను. సగంలోనే ఆగిపోయాయి. పుట్టిల్లు ఫ్లోరైడ్ ఊరు. ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. అత్తగారు చాలాసేపు ఏమీ అనలేదు. మళ్ళీ వచ్చినప్పుడు, "పొడుగు కర్ర చీపురు తెచ్చిన సారూ" అంది. ఆ పూట నేను రాసిన మందులకన్నా ఆ చీపురు ఎక్కువ పని చేసింది.

ఇది అంటువ్యాధి కాదు, వంశపారంపర్యమూ కాదు. కాబట్టి పిల్ల పళ్ళు చూసి సంబంధం వదులుకోవడం అన్యాయం. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. మంచి నీటికి మారడం, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామవంటివి తినడం మేలు చేస్తాయి. చిన్నపిల్లలున్న ఇళ్ళలో బోరునీళ్ళు వాడుతుంటే తప్పక పరీక్ష చేయించండి. మచ్చలు మరీ బాధపెడితే దంతవైద్యుడు పైన పూత వేసి కప్పగలడు. ఇటిక పొడితో మాత్రం రుద్దకండి.

అలాగని ప్రతి గారా, ప్రతి నడుంనొప్పీ ఫ్లోరైడ్ వల్లే అనుకోకూడదు. పొగాకు మచ్చలూ ఉంటాయి, కీళ్ళవాతాలూ ఉంటాయి. తేల్చవలసింది పరీక్షలే. నేను చెప్పేది ఒక్కటే. మనిషిని తప్పుపట్టే ముందు, "మీది ఏ ఊరు? చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు?" అని ఒక్క మాట అడగండి. ఆ రోజు బడిలో నేను అడగవలసిన ప్రశ్న అదే. ఇప్పుడు ప్రతి రోగినీ ముందు అదే అడుగుతున్నాను.