పేరు ఒకటి, మూలిక వేరొకటి

గురజాల పరిసరాల నల్లరేగడి చేలలో, వర్షాలు పడిన తరువాత, నేలనంటి పాకే ఒక చిన్న మొక్క కానవస్తుంది. ఆకును నలిపితే దుర్గంధం. దీనిని గాడిదగడపాకు అంటారు, సంస్కృతంలో కీటమారి. క్రిమిరోగాలలో దీని వాడుకను గురుకులంలో మా గురువుగారి వద్ద నేర్చుకున్నాను. అనేక సంవత్సరాలు నేనూ ఇచ్చాను. ఇప్పుడు లోపలికి ఎవరికీ ఇవ్వను. కారణం పాఠకులు తెలుసుకోవాలి.

బెల్జియం చెప్పిన పాఠం

బ్రస్సెల్స్ నగరంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిసిన ఔషధం సేవించిన కొందరు స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయినట్లు 1993లో వైద్యులు వెల్లడించారు. తరువాత బాధితుల సంఖ్య సుమారు వందకు చేరింది. ‘ఫాంగ్‌జీ’ అనే పేరుతో చైనాలో ఒకటికి మించిన మూలికలు చెలామణీ అవుతాయి. స్టెఫానియా జాతి వేరు ఉండవలసిన చోట అరిస్టోలోకియా జాతి వేరు చేరింది. ఎండిన వేరులో, పొడిలో ఆ భేదం కంటికి అందలేదు. దానిని పట్టి ఇచ్చినది రసాయన పరీక్ష: స్టెఫానియాలో ఉండవలసిన టెట్రాండ్రిన్‌కు బదులు అరిస్టోలోకిక్ ఆమ్లం కనిపించింది. ఈ ఆమ్లం మూత్రపిండాలను క్షీణింపజేయడమే గాక, మూత్రమార్గంలో క్యాన్సరుకు కూడా కారణమవుతుంది.

మన గాడిదగడపాకు, ఈశ్వరి వేరు ఈ అరిస్టోలోకియా జాతివే!

పరీక్ష ఎట్లా చేస్తారు?

మూలిక సారాన్ని ఆల్కహాలు వంటి ద్రవంలో దింపి, సిలికా పూత గల పలకపై చుక్కగా పెడతారు. పలక అంచును ద్రావకంలో నిలిపితే, ద్రావకం పైకి ప్రాకుతూ సారంలోని పదార్థాలను వేర్వేరు ఎత్తులలో విడదీస్తుంది. అతినీలలోహిత కాంతిలో చూసి, అసలైన మూలిక పలకతో పోల్చుతారు. 1970లో గాజియాబాదులో భారతీయ వైద్య ఔషధ ప్రమాణాల ప్రయోగశాల ఏర్పడింది. ఆయుర్వేద ఫార్మకోపియాలో ఇట్టి పరీక్షలను, బూడిద శాతం వంటి ప్రమాణాలను చేర్చారు.

ఇంటి ముంగిట పొరపాటు

పేరు వల్ల మోసపోవడం మనకూ ఉన్నదే. తోటలలో నిటారుగా పెరిగే నరమామిడిని చాలామంది అశోకమంటారు. దాని ఆకు ఒంటరిది, అంచు అలలుగా ఉంటుంది, పూలు ఆకుపచ్చనివి. అసలు అశోకానికి అనేక పత్రకాలు గల ఆకు, నారింజ ఎరుపు పూలు. బెరడు ఎండి పొడి అయిన తరువాత ఈ గుర్తులు మిగలవు.

నామరూపగుణాలు తెలియని ఔషధం విషంతో సమానమని చరకాచార్యులు ఏనాడో హెచ్చరించారు. వాసన, రుచి, స్పర్శ చూసి మూలికను గుర్తించే విద్య గొప్పదే. అయితే నెమ్మదిగా హాని చేసే పదార్థాన్ని నాలుక చెప్పలేదు. ప్రయోగశాల మన శాస్త్రానికి శత్రువు కాదు. అది మరొక ఇంద్రియం.

పాఠకులకు సూచనలు

గాడిదగడపాకును, ఈశ్వరి వేరును ఎంతటి స్వల్ప మోతాదైనా కడుపులోనికి తీసుకోరాదు. పసిపిల్లలకు అసలే వద్దు.

పొడి చేసిన మూలికను విడిగా కొనకండి. శాస్త్రీయ నామం, తయారీ సంఖ్య, తేదీ ముద్రించినది అడగండి.

ఇంతకుముందు వీటిని చాలాకాలం సేవించినవారు భయపడక, రక్తంలో క్రియాటినిన్‌ను, మూత్రాన్ని పరీక్ష చేయించుకొని వైద్యుని సంప్రదించండి.

గురువు నేర్పినది మార్చుకొనడం గురుద్రోహం కాదని నా విశ్వాసం. రోగి క్షేమమే ఆయన నేర్పిన మొదటి పాఠం.